గార్మెంట్స్‌లో నెలనెలా మనుషులు మానేస్తుంటే ముందు టార్గెట్ బోర్డు చూడండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది: హిందూపురం దగ్గర షర్టులు కుట్టే యూనిట్‌లో కొత్తగా హెచ్ఆర్‌గా చేరారు. దాదాపు 600 మంది పనివాళ్ళు, పదిమందిలో తొమ్మిది మంది ఆడవాళ్ళు. నెలకి 50 మంది దాకా మానేస్తున్నారు, అంతమందిని మళ్ళీ వెతికి చేర్చుకుంటున్నారు. "వీళ్ళకి స్ట్రెస్ ఎక్కువైంది, ఒక మోటివేషన్ క్లాసో యోగా క్లాసో పెట్టు" అని పైవాళ్ళు చెప్పారు. అది పనిచేస్తుందా, చేయకపోతే ఇంకేం చేయాలి అని అడిగారు.

క్లాసు పెట్టొద్దని చెప్పను. కానీ గంటకి ఇన్ని పీసులు కుట్టాలని బోర్డు మీద రాసే టార్గెట్‌ని ఆ గంటకి తీసేయకుండా పెడితే, ఆ గంట పీసులు కూడా వాళ్ళ నెత్తిమీదే పడతాయి. మేము ఒకసారి అలాగే పెట్టాం. ఊపిరి పీల్చడం, వదలడం బాగానే నేర్పారు. క్లాసులో కూర్చున్నవి రెండు లైన్లు, అంటే వరుసగా మిషన్ల మీద ఒకే షర్టుని తలో ముక్కా కుట్టే జట్లు. ఆ సాయంత్రం ఆ రెండు లైన్లూ ముప్పావు గంట ఆలస్యంగా బస్సెక్కాయి. మరుసటి వారం క్లాసుకి పిలిస్తే ఒక్కరూ లేవలేదు.

నేను 1999లో బెంగళూరు పీణ్యాలో హెల్పర్‌గా చేరాను. దారాలు కత్తిరించడంతో మొదలుపెట్టి టైలర్‌ని, తర్వాత లైన్ సూపర్‌వైజర్‌ని, ఫ్లోర్ ఇన్‌ఛార్జిని అయ్యాను. చివరి ఎనిమిదేళ్ళు మీలాగే హెచ్ఆర్ వైపు. తిట్లు తిన్నాను, తిట్టాను, తిట్టిన వాళ్ళ మీద కంప్లయింట్లూ రాసుకున్నాను. అందుకని కొంచెం వివరంగానే చెబుతాను.

ముందు మీరు ఆ 50 మందిని ఒకే గుంపుగా చూడటం మానండి. అటెండెన్స్ రిజిస్టర్ తీసి, గత మూడు నెలల్లో మానేసిన ప్రతి ఒక్కరి పక్కన రెండు విషయాలు రాయండి: చేరి ఎన్నాళ్ళయింది, ఏ లైన్. నేను పనిచేసిన ప్రతిచోటా సగానికి పైగా మొదటి మూడు నెలల్లోపు వాళ్ళే ఉండేవారు. మిగిలిన వాళ్ళలో మూడు నాలుగేళ్ళు చేసి, బాగా పని వచ్చిన టైలర్లు కొందరు. ఈ రెండు రకాల వాళ్ళు మానేసే కారణాలు వేరు, మందూ వేరు. లైన్ల వారీగా చూస్తే ఇంకో సంగతి బయటపడుతుంది. అన్ని లైన్లూ సమానంగా ఖాళీ కావు. ఒకటో రెండో లైన్లు జల్లెడలా కారుతుంటాయి, పక్క లైన్‌లో అదే జీతానికి, అదే రేకుల కప్పు కింద, అవే మనుషులు ఏళ్ళ తరబడి ఉంటారు.

రిజైన్ లెటర్లలో రాసిన కారణం నమ్మకండి. "పెళ్ళి", "ఇంటి సమస్య", "ఆరోగ్యం బాగాలేదు". ఈ మూడే ఉంటాయి. సెటిల్‌మెంట్ డబ్బులు, పీఎఫ్ కాగితాలు మీ టేబుల్ మీద నుంచి పోవాలి కదా, మీతో తగాదా ఎందుకు పెట్టుకుంటారు? డబ్బులన్నీ ఖాతాలో పడ్డాక, నెల తర్వాత ఫోన్ చేసి అడగండి. అప్పుడు చెబుతారు. ఇంకా ముందే తెలియాలంటే మీ బస్సు డ్రైవర్లని అడగండి. లేపాక్షి రూట్‌లోనో పరిగి రూట్‌లోనో ఏ స్టాప్‌లో ఎవరు ఎక్కడం మానేశారో, వేరే కంపెనీ బస్సు ఏ టైముకి వచ్చి ఎవరిని ఎక్కించుకుపోతోందో వాళ్ళకి మీకన్నా వారం ముందు తెలుస్తుంది.

ఇప్పుడు స్ట్రెస్ మాటకొస్తాను. మన పనివాళ్ళు ఆ మాట వాడరు. "టెన్షన్ అక్కా" అంటారు, మా వైపు వాళ్ళయితే "యాష్టకొచ్చింది" అంటారు. ఆ టెన్షన్ ఎక్కడ పుడుతుందో మీకు లెక్క వేసి చూపిస్తాను, ఎందుకంటే అది మనసులో పుట్టేది తక్కువ, బోర్డు మీద పుట్టేది ఎక్కువ.

ఒక షర్టు కుట్టడానికి అన్ని ఆపరేషన్లూ కలిపి 20 నిమిషాల ప్రామాణిక సమయం అనుకోండి. మీ ఐఈ వాళ్ళు, అంటే పని సమయాల లెక్క కట్టే ఇండస్ట్రియల్ ఇంజనీరింగ్ వాళ్ళు, దీన్నే శామ్ అంటారు. లైన్‌లో 40 మంది ఉంటే గంటకి 40 అరవైలు 2,400 నిమిషాలు, దాన్ని 20తో భాగిస్తే 120 షర్టులు. అది నూరు శాతం సామర్థ్యానికి. లైన్ 55 శాతం మీద నడుస్తోంది కాబట్టి గంటకి 66 అని బోర్డు మీద రాస్తారు. ఇంతవరకు న్యాయమే.

సోమవారం ఆరుగురు రాలేదు. మిగిలింది 34 మంది. అదే లెక్క ప్రకారం గంటకి 56 షర్టులే వస్తాయి. కానీ బోర్డు మీద 66 చెరిపి 56 రాసిన ఇన్‌ఛార్జిని నా పాతికేళ్ళలో వేళ్ళ మీద లెక్కపెట్టగలను. గంటకి పది చొప్పున ఎనిమిది గంటలకి 80 షర్టులు బాకీ. ఆ 34 మందీ వాటిని కుట్టాలంటే ఇంకో గంటన్నర దాకా కూర్చోవాలి. అలా కూర్చోబెడితే ఓటీ (ఓవర్‌టైమ్) రాయాలి, ఓటీకి రెట్టింపు ఇవ్వాలని చట్టం. అందుకని కూర్చోబెట్టకుండా ఆ ఎనిమిది గంటల్లోనే పిండాలని చూస్తారు. టీ విరామంలో మెషీన్ ఆపనివ్వరు, బాత్రూమ్‌కి పోతే లెక్కపెడతారు, భోజనానికి పది నిమిషాలు ఆలస్యంగా వదులుతారు. రాని ఆరుగురి పని వచ్చిన వాళ్ళ మీద పడింది. తర్వాతి సోమవారం ఏడుగురు రారు. మూలిగే నక్క మీద తాటిపండు పడ్డట్టు, మానేసే వాళ్ళ వల్ల ఉన్నవాళ్ళకి టెన్షన్, ఆ టెన్షన్ వల్ల ఇంకొందరు మానేయడం. స్ట్రెస్ వల్ల మానేస్తున్నారు అని మీ పైవాళ్ళు అన్నది సగమే నిజం.

కొత్త పిల్ల సంగతి ఇంకా ఘోరం. కాలర్ అటాచ్‌కి, అంటే షర్టుకి కాలర్ కలిపి కుట్టే పనికి, 0.75 నిమిషం ఇచ్చారనుకోండి, నూరు శాతానికి గంటకి 80 పీసులు, 60 శాతానికి 48. మిషన్ తొక్కడం వచ్చిన పిల్లే అయినా మొదటి రెండు మూడు వారాలు అందులో సగం చేస్తే గొప్ప. ఆమె ముందు 48 అని రాసిన చీటీ అంటించి కూర్చోబెడితే, రోజుకి ఎనిమిది సార్లు, గంటగంటకీ, అందరి ముందూ ఆమె ఫెయిల్ అవుతుంది. ఆమె వెనక బండిళ్ళు పేరుకుపోతాయి, ముందు కూర్చున్నామెకి పీసులు రావు. ఆ ముందామె పిల్ల వైపు తిరిగి చూస్తుంది. ఏమీ అనకపోయినా ఆ చూపు చాలు. పదో రోజుకల్లా ఆ పిల్ల ఇంట్లో "నాకు రాదు మా, నేను పోను" అంటుంది. మనం రిజిస్టర్‌లో "పని నేర్చుకోలేదు" అని రాస్తాం.

చివరి కంపెనీలో మేము చేసిన మొదటి మార్పు ఇదే. కొత్తవాళ్ళ చీటీ మీద మొదటి వారం 20, రెండో వారం 26 అని, అలా ఎనిమిది వారాల్లో పూర్తి టార్గెట్‌కి తెచ్చేవాళ్ళం. ఆ తక్కువైన పీసుల్ని లైన్ టార్గెట్‌లోంచి తీసేసేవాళ్ళం. ఈ రెండో మాట ముఖ్యం. పిల్లకి తగ్గించి లైన్‌కి తగ్గించకపోతే, ఆమెని లైన్ మొత్తం తిట్టుకుంటుంది. ప్రొడక్షన్ మేనేజర్ మొదట ఒప్పుకోలేదు. "రెండు నెలలు నేను నష్టపోతాను" అన్నాడు. కొత్తపిల్ల పదో రోజుకి పోతే ఆ మిషన్ ఖాళీగా ఉండి ఎన్ని రోజులు నష్టపోతున్నావో నువ్వే లెక్క వెయ్యి అని రిజిస్టర్ ఆయన చేతికే ఇచ్చాను. వేశాడు. తర్వాత ఇంకేం మాట్లాడలేదు.

రెండో మార్పు, వచ్చిన మనుషుల్ని బట్టి ఉదయం ఎనిమిదిన్నరకి బోర్డు తిరగరాయడం. దానికి తోడు నాలుగైదు ఆపరేషన్లు వచ్చిన టైలర్లని ఏ లైన్‌కీ కట్టకుండా పక్కన పెట్టుకున్నాం. ఫ్లోటర్లు అనేవాళ్ళం. మీ 600 మందికి పదిహేను ఇరవై మంది ఉన్నా చాలు. వాళ్ళకి మిగతా టైలర్ల కన్నా నెలకి కొంత ఎక్కువ ఇవ్వాలి, ఊరికే పని నేర్చుకొమ్మంటే ఎవరూ నేర్చుకోరు.

సూపర్‌వైజర్ల గురించి అందరూ చెడ్డగానే చెబుతారు. నేనూ ఒకప్పుడు అలాంటి సూపర్‌వైజర్‌నే, కాబట్టి లోపలి సంగతి చెబుతాను. అతనికి జీతం టైలర్ కన్నా మరీ ఎక్కువేం ఉండదు. గంటగంటకీ ఫ్లోర్ ఇన్‌ఛార్జి వచ్చి బోర్డు చూస్తాడు, లైన్ చివర చెకింగ్ నుంచి ఆల్టర్ పీసులు, అంటే కుట్టు తప్పినవి, వెనక్కి వస్తుంటాయి, సాయంత్రం మీటింగ్‌లో నలుగురి ముందు నిలబెడతారు. మనుషుల్ని తగ్గించే అధికారమూ, పెంచే అధికారమూ, టార్గెట్ మార్చే అధికారమూ అతనికి లేవు. అతని చేతిలో ఉన్నది గొంతు ఒక్కటే. 1979లో రాబర్ట్ కారాసెక్ అనే అమెరికా పరిశోధకుడు ఉద్యోగ ఒత్తిడి మీద ఒక లెక్క చెప్పాడు: పని బరువు ఎక్కువై, ఆ పని ఎలా చేయాలో తేల్చుకునే వీలు తక్కువైన చోటే మనిషి ఎక్కువ నలిగిపోతాడు అని. హెచ్ఆర్ ట్రైనింగ్‌లో అది విన్నప్పుడు నాకు ముందు గుర్తొచ్చింది టైలర్లు కాదు, నా సూపర్‌వైజర్ రోజులు.

2007లో అనుకుంటా, నా లైన్‌లో మడకశిర వైపు పిల్ల ఒకతె స్లీవ్ అటాచ్ చేసేది. చెయ్యి నెమ్మది కానీ ఆల్టర్ ఒక్కటి వచ్చేది కాదు. షిప్‌మెంట్ రోజు. మధ్యాహ్నం నుంచి ఆమె దగ్గర పీసులు ఆగిపోతున్నాయి. మూడోసారి పోయి, లైన్ అంతా వినేలా "చేతకాకపోతే ఇంట్లో కూర్చో, మా ప్రాణం ఎందుకు తీస్తావు" అన్నాను. ఆమె తల ఎత్తలేదు. సాయంత్రం దాకా కుట్టింది. పోయేటప్పుడు కత్తెర, బాబిన్ కేస్ హెల్పర్ చేతికి లెక్కగా ఇచ్చి పోయింది. మరుసటి రోజు రాలేదు, ఆ నెల జీతానికి కూడా వాళ్ళ అన్న వచ్చాడు.

ఎనిమిది నెలల తర్వాత దొడ్డబళ్ళాపురంలో బస్టాండ్ దగ్గర కనబడింది, మెడలో వేరే కంపెనీ ఐడీ కార్డు. నేనే దగ్గరికి పోయి, ఆ రోజు అట్లా అనకూడదు, తప్పయిందన్నాను. "తిట్టినందుకు కాదు లేక్కా, తిట్లు అందరూ తిడతారు. ఆ పొద్దు నా బిడ్డకి జ్వరం. రెండు గంటలకి గేట్ పాస్ అడగాలని మూడుసార్లు నీ దాకా వచ్చి, నీ మొహం చూసి ఎనక్కిపోయినా" అంది.

మీరు ఇంకేం చేసినా చేయకపోయినా, గేట్ పాస్ అడిగే దారి సూపర్‌వైజర్ మొహాన్ని దాటి వేరే ఒకటి ఉండేలా చూడండి. మేము ప్రతి ఫ్లోర్‌లో ఒక సీనియర్ టైలర్ చేతికి అరపూట గేట్ పాస్‌లు రోజుకి నాలుగు ఇచ్చాం. కారణం అడిగే పని లేదు. అందరూ వాడేసుకుంటారని భయపడ్డారు. నాలుగూ అయిపోయిన రోజులు తక్కువే. అది ఉందని తెలిస్తేనే సగం మందికి ఊపిరి ఆడుతుంది. సెలవు అడగలేని మనిషి చెప్పకుండా నాలుగు రోజులు మానేస్తుంది, నాలుగు రోజులు మానేసిన మనిషి తిరిగొస్తే ఏమంటారో అని ఐదో రోజు వేరే కంపెనీ గేటు దగ్గర నిలబడుతుంది.

అలాంటిదే అటెండెన్స్ బోనస్ కూడా. నెలంతా వస్తేనే ఇస్తాం, ఒక్క రోజు తప్పినా మొత్తం పోతుంది అని పెడతారు. మూడో తారీఖున బిడ్డకి జ్వరమొచ్చి ఒక రోజు మానేసిన ఆమెకి ఆ నెల ఇంక ఏ ఆశా లేదు. మిగతా నెలలో ఇంకో నాలుగు రోజులు హాయిగా మానేస్తుంది. దాన్ని వారానికింత అని విడగొట్టండి. డబ్బు అంతే, నడక మారుతుంది.

బెంగళూరులో జరిగిన ఒక పరిశోధన మీ పైవాళ్ళకి చెప్పడానికి పనికొస్తుంది. 2016లో కర్ణాటకలో కనీస వేతనం పెరిగినప్పుడు, వాళ్ళు అనుకున్నంత పెరగలేదని గార్మెంట్స్ పనివాళ్ళు నిరాశపడ్డారు. అచ్యుత అధ్వర్యు, టెరెసా మోలినా, అనంత్ నైషధం అనే ఆర్థికవేత్తలు ఆ సమయంలో ఒక కంపెనీ పనివాళ్ళలో కొందరిని లాటరీ పద్ధతిలో ఎంచి, పేరు లేకుండా జీతం గురించి, సూపర్‌వైజర్ గురించి, పని గురించి అభిప్రాయం చెప్పమన్నారు. మిగతావాళ్ళని అడగలేదు. అడిగిన వాళ్ళలో మానేయడం తగ్గింది, అదీ బాగా నిరాశపడ్డ వాళ్ళలోనే ఎక్కువగా తగ్గింది. జీతంలో రూపాయి తేడా లేదు. దీన్ని చూసి ఫారాలు పంచేస్తే సరిపోతుందనుకోకండి. మొదటిసారి అడిగితే చెబుతారు. వాళ్ళు చెప్పింది ఏమైందో నోటీస్ బోర్డు మీద కనబడకపోతే, రెండోసారి ఖాళీ కాగితం ఇస్తారు. మా దగ్గర కంప్లయింట్ బాక్స్ తాళం తీస్తే ఏడాది కిందటి చాక్లెట్ కాగితాలు వచ్చేవి. తర్వాత ప్రతి శనివారం, వచ్చిన ప్రతి మాటకీ "చేశాం", "చేయలేం, ఎందుకంటే ఇదీ" అని తెలుగులోనూ కన్నడంలోనూ అంటించడం మొదలుపెట్టాం. "చేయలేం" అన్నవే ఎక్కువ ఉండేవి మొదట్లో. అయినా కాగితాలు పెరిగాయి.

తిట్లు వేరు, చేతులు వేయడం, అసహ్యంగా మాట్లాడటం వేరు. రెండోదానికి 2013 లైంగిక వేధింపుల నిరోధక చట్టం ప్రకారం అంతర్గత కమిటీ ఉండాలి. మీ దగ్గర అది కాగితం మీదే ఉందా, దాని సభ్యుల పేర్లు ఒక్క టైలర్‌కైనా తెలుసా చూడండి. 2021 జనవరిలో తమిళనాడులోని దిండిగల్ ప్రాంతంలో ఒక యువ గార్మెంట్ కార్మికురాలు సూపర్‌వైజర్ చేతిలో హత్యకు గురైంది. ఆ తర్వాత 2022 ఏప్రిల్‌లో అక్కడి దళిత మహిళల నాయకత్వంలోని యూనియన్‌కీ కంపెనీకీ బ్రాండ్లకీ మధ్య దిండిగల్ ఒప్పందం కుదిరింది. ఫ్లోర్ మీద పనివాళ్ళలోంచే శిక్షణ పొందిన మానిటర్లు ఉండి వేధింపుల్ని అక్కడికక్కడే పైకి తెచ్చే ఏర్పాటు అందులో పెట్టారు. మీ పైవాళ్ళు ఖర్చు అంటే ఇది చూపించండి.

ఇక మూడు నాలుగేళ్ళు చేసి మానేసే వాళ్ళ సంగతి. వీళ్ళని టెన్షన్ ఒక్కటే పంపించదు, లెక్క పంపిస్తుంది. మన గార్మెంట్స్‌లో దాదాపు అందరూ కనీస వేతనం చుట్టూనే ఇస్తారు. పదేళ్ళ టైలర్‌కీ నిన్న చేరిన టైలర్‌కీ తేడా కొన్ని వందలు. గౌరీబిదనూరు వైపు కంపెనీ బస్సు పంపితే అక్కడా అంతే, ఇక్కడా అంతే. ఏ గేటు దాటినా పోయేదేం లేనప్పుడు, ఒక మాట ఎక్కువైనా గేటు దాటుతారు. వాళ్ళ చేతిలో ఉన్న ఒకే బలం అది. కాబట్టి ఏటా సీనియారిటీకి కొంత, నేర్చుకున్న ప్రతి కొత్త ఆపరేషన్‌కి కొంత వేసి, ఐదేళ్ళ టైలర్ జీతం కొత్తవాళ్ళ జీతం కన్నా స్పష్టంగా పైన ఉండేలా చూడమని అడగండి. ఇది ఇవ్వకుండా మిగతావన్నీ చేసినా కొంతవరకే.

పీఎఫ్ కూడా మనుషుల్ని బయటికి పంపుతుంది, ఇది చాలామంది హెచ్ఆర్‌లకి తట్టదు. మన పనివాళ్ళకి అదొక్కటే దాచుకున్న సొమ్ము. కూతురు పెళ్ళి, బోరు వేయడం, మొగుడి అప్పు, దేనికైనా ఆ డబ్బు కావాలంటే పని మానేసి, రెండు నెలలు ఖాళీగా ఉండి తీసుకునేవాళ్ళు. 2016 ఫిబ్రవరిలో కేంద్రం యజమాని వాటా 58 ఏళ్ళ దాకా తీసుకోకూడదని నోటిఫికేషన్ ఇచ్చింది. ఏప్రిల్ 18, 19 తేదీల్లో బెంగళూరులో గార్మెంట్స్ ఆడవాళ్ళు వేలమంది రోడ్డెక్కారు. హోసూరు రోడ్డు ఆగిపోయింది. ఏ పెద్ద యూనియనూ పిలుపివ్వలేదు, ఒక ఫ్యాక్టరీ నుంచి ఇంకో ఫ్యాక్టరీకి మాట పాకింది. ఆ గుంపులో అనంతపురం, చిత్తూరు నుంచి వెళ్ళినవాళ్ళు మా ఫ్లోర్ వాళ్ళే ఎంతమందో. అప్పుడు కేంద్ర కార్మిక మంత్రిగా ఉన్న బండారు దత్తాత్రేయ 19న ఆ నోటిఫికేషన్ వెనక్కి తీసుకుంటున్నట్టు ప్రకటించారు. నెమ్మదస్తులు, నోరెత్తరు అని మనం అనుకునే మనుషులు వీళ్ళు.

ఆ తర్వాత పీఎఫ్ నిబంధనలు మారుతూ వచ్చాయి, తాజావి చూసుకోండి. ఉద్యోగంలో ఉండగానే జబ్బు వంటి అవసరాలకి అడ్వాన్స్ తీసుకోవచ్చని సగం మందికి తెలియదు. తెలిసినవాళ్ళకి ఆధార్‌లో ఒక పేరు, పీఎఫ్‌లో ఇంకో పేరు ఉండి క్లెయిమ్ తిరిగొస్తుంది. వారానికి ఒక పూట క్యాంటీన్‌లో ల్యాప్‌టాప్ పెట్టుకుని కూర్చుని ఈ పేర్లు సరిచేయించండి. డబ్బు కోసం మానేయాలనుకున్న ఒక్కొక్కరు ఆగుతారు. గ్రాట్యుటీ, అంటే ఐదేళ్ళు నిండాక మానేసేవాళ్ళకి కంపెనీ ఇవ్వాల్సిన సొమ్ము, కూడా కాగితం మీద లెక్క వేసి చూపండి. చివరి బేసిక్, డీఏ కలిపి 13,000 అయితే ఏడాదికి 15 రోజుల జీతం 26తో భాగించే పద్ధతిలో 7,500 వస్తుంది, ఐదేళ్ళకి 37,500. నాలుగేళ్ళ మూడు నెలలకి మానేస్తున్న టైలర్‌కి ఈ అంకె ఎవరూ చెప్పరు. కొందరు యజమానులు ఐదేళ్ళు నిండకుండా పోతేనే మేలనుకుంటారు కూడా. మీ యజమాని ఆ రకమైతే మీ పని కష్టం. ఇంకో సంగతి, 2025 నవంబర్ 21న లేబర్ కోడ్‌లు (కొత్త కార్మిక చట్టాలు) అమల్లోకి వచ్చాక ఫిక్స్‌డ్ టర్మ్ మీద, అంటే ఇంత కాలానికని రాసుకుని, తీసుకున్న వాళ్ళకి ఏడాదికే గ్రాట్యుటీ హక్కు వచ్చింది.

ఒంటి సంగతి కూడా ఉంది. ఫ్లోర్ మీద కళ్ళు తిరిగి పడిపోతే స్ట్రెస్ అని రాసేయకండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో 57 శాతం మందికి రక్తహీనత. ఐదింటికి లేచి, వండి, బిడ్డల్ని తయారుచేసి, ఏమీ తినకుండా ఆరున్నర బస్సెక్కిన మనిషి పదకొండింటికి పడిపోతుంది. ఈఎస్ఐ వాళ్ళతో మాట్లాడి హిమోగ్లోబిన్ పరీక్ష పెట్టించండి, ఉదయం టీతో పాటు పల్లీ చిక్కీయో ఉడికించిన శనగలో పెట్టండి. బాత్రూమ్‌కి పంపరని నీళ్ళు తాగడం మానేస్తారు, మూత్రం మంట అని ఈఎస్ఐకి పోతారు, దానికి రెండు రోజులు సెలవు. ఆ రెండు రోజుల పీసుల లెక్క చూపిస్తే ప్రొడక్షన్ వాళ్ళు బాత్రూమ్‌కి పోవాలంటే తీసుకోవాల్సిన టోకెన్లు తీసేస్తారు. మా దగ్గర తీసేశారు. ఎండాకాలం రేకుల కింద, ఇస్త్రీ టేబుళ్ళ పక్కన ఉండే లైన్లలో మానేయడం ఎక్కువ. బెంగళూరు ఫ్యాక్టరీల్లోనే జరిగిన ఇంకో పరిశోధనలో పాత ట్యూబులు తీసి ఎల్ఈడీలు పెడితే వేడి తగ్గి, ఎండ ఎక్కువున్న రోజుల్లో ఉత్పత్తి పెరిగిందని తేలింది. కరెంటు బిల్లు కోసం పెట్టారు, లాభం ఇంకోచోట వచ్చింది.

క్రెష్, అంటే పని వేళల్లో బిడ్డల్ని చూసుకునే గది, గురించి చెప్పక్కర్లేదు. 50 మంది దాటిన చోట ఉండాలని చట్టమే ఉంది. ఉండటం వేరు, బిడ్డని వదిలేసి మిషన్ దగ్గర నిశ్చింతగా కూర్చోగలిగేలా ఉండటం వేరు. ఒకసారి మీ ఇంట్లో బిడ్డని అక్కడ ఒక పూట ఉంచి చూడండి.

కొన్ని మానేయడాలు మీరు ఆపలేరు, ఆపాలని చూడొద్దు. పెళ్ళి, కాన్పు, వేరుశనగ పీకే రోజులు, ఊరి జాతర. దీపావళి బోనస్ చేతికందాక ఒక గుంపు పోతుంది, అదీ ఏటా ఉన్నదే. పొలం పనికి పోయినవాళ్ళని రిజిస్టర్‌లోంచి కొట్టేయకుండా, నెలా రెండు నెలల సెలవుగా రాసుకుని, తిరిగొస్తే అదే లైన్‌లో అదే మిషన్ ఇస్తామని చెప్పి పంపండి. పని వచ్చిన చెయ్యి, నేర్పాల్సిన పని లేదు. సర్టిఫికెట్లు పట్టుకోవడం, జీతం ఆపడం మాత్రం ఎవరు చెప్పినా చేయొద్దు. తప్పు, పైగా ఆ మాట సాయంత్రానికల్లా మూడు మండలాలకి పాకి కొత్తవాళ్ళు రావడం ఆగిపోతుంది.

మీ పైవాళ్ళ దగ్గరికి పోయేటప్పుడు ఇవన్నీ ఒకేసారి అడగకండి, ఒక్కటీ రాదు. రిజిస్టర్ లెక్క అయ్యాక బాగా కారుతున్న లైన్ ఒకటి ఎంచుకోండి. రెండు నెలలు ఆ ఒక్క లైన్‌కి ఉదయం బోర్డు తిరగరాయడం, కొత్తవాళ్ళకి మెట్లు మెట్లుగా టార్గెట్, అరపూట గేట్ పాస్, ఈ మూడే అడగండి. ఆ లైన్ సూపర్‌వైజర్‌ని ముందే పిలిచి మందలించొద్దు. అతని గత నెల టార్గెట్ షీట్లు తెప్పించుకుని, ఏ రోజు ఎంతమంది వచ్చారో పక్కన రాసి, అతనితో కూర్చుని చూడండి. మొదటి వారం షీట్లు చూశాక ఆ లైన్‌లో మనుషులు ఎంతమంది, శామ్ ఎంత, బోర్డు మీద ఎంత రాశారు, ఈ మూడు అంకెలు నాకు పంపండి. దాన్నిబట్టి తర్వాతిది చెబుతాను.